పంక్తిలో వలపక్షం, పన్నెండు డోనట్లు

మా చెల్లి కూతురి పుట్టినరోజుకని పొద్దుతిరుగుడు పిండితో చేస్తే, కాస్త కుదిరిన మొదటి వాయి డోనట్లు ఓవెన్‌లోంచి తీసినప్పుడు బాగానే ఉన్నాయి. లేత బిస్కెట్ రంగు, మీద సన్నటి పగుళ్లు, ఇల్లంతా వెనిలా వాసన. మీద గిన్నె బోర్లించి పడుకున్నాం. పొద్దున అమ్మ కాఫీ పెట్టుకుంటూ ఒకటి విరిచి, "ఇదేమిటే, లోపల బూజు పట్టింది!" అని కేకేసింది. వెళ్లి చూస్తే నిజంగానే లోపలంతా ఆకుపచ్చ. చెరువు గట్టున పాచి ఉంటుందే, ఆ రంగు. ఒక్కొక్కటీ విరిచి చూశాను. పన్నెండూ అంతే.

అది బూజు కాదు. పొద్దుతిరుగుడు గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం అని ఒకటి ఉంటుంది. వంటసోడా లాంటి క్షారం తగిలితే అది గింజలోని ప్రొటీన్లతో కలిసి ఆకుపచ్చగా మారుతుంది. వేడి మీద అంతగా కనపడదు, చల్లారిన కొద్దీ తేలుతుంది. తింటే ఏమీ కాదు, రుచి కూడా మారదు. కానీ డేకేర్‌లో నాలుగేళ్ల పిల్లలు పన్నెండు మంది ముందు పాచి రంగు డోనట్ పెట్టి ఆమ్లాల గురించి, క్షారాల గురించి చెప్పలేం కదా.

అందుకే చాక్లెట్. నేను చేసేవి చాక్లెట్ డోనట్లు కావడానికి చాక్లెట్ మీద ప్రేమ కారణం కాదు. ఆ పచ్చదనాన్ని కప్పడానికి కోకో పొడి కంటే మంచిది దొరకలేదు, అంతే.

పొద్దుతిరుగుడు పిండే ఎందుకంటే, డేకేర్‌లోకి బాదం, జీడిపప్పు, పల్లీ ఏవీ రానివ్వరు. ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో అవి పడవు. సరే, మైదా ఎందుకు కాదు, బియ్యప్పిండి ఎందుకు కాదు అంటారా, దానికి మా చెల్లి కూతురి అన్నప్రాశన దగ్గర్నుంచి రావాలి.

బుజ్జికి ఏడో నెలలో అన్నప్రాశన చేశాం. డల్లాస్ దగ్గర చెల్లి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో మేం నలుగురం, అప్పటికింకా తెనాలిలోనే ఉన్న అమ్మ వీడియో కాల్‌లో. ముందర పుస్తకం, పెన్ను, గొలుసు, పువ్వులు పెడితే పిల్ల వాటన్నిటినీ దాటుకుని పాక్కుంటూ వెళ్లి ఫోన్‌లో ఉన్న అమ్మమ్మను పట్టుకుంది. వెండి గిన్నెలో పరమాన్నం ఉంగరంతో నాలిక్కి రాశాం. ఆ రోజు ఏమీ కాలేదు.

వారం తర్వాత మెత్తటి అన్నం పెట్టడం మొదలుపెట్టింది చెల్లి. తిన్న రెండు గంటలకి వాంతులు. ఒకటి కాదు, రెండు కాదు. చివరికి పిల్ల తెల్లగా పాలిపోయి తోటకూర కాడలా వేలాడిపోయింది. అమ్మ ఫోన్‌లో దిష్టి తీయమంది, తీశాం. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే కడుపులో వైరస్ అన్నారు, సెలైన్ పెట్టి పంపారు. నాలుగు రోజులాగి మళ్లీ అన్నం పెట్టింది, మళ్లీ అదే. అన్నం ఆపి ఓట్స్ జావ పెడితే దానికీ అంతే. ఈసారి చూసిన డాక్టరు "ఏం తిన్నది, ఎన్ని గంటలకి" అని అడిగింది. అప్పుడు తెలిసింది ఆ పేరు: ఎఫ్‌పీఐఈఎస్. ఫుడ్ ప్రొటీన్ ఇండ్యూస్డ్ ఎంటెరోకొలైటిస్ సిండ్రోమ్, అంటే తిండిలోని ప్రొటీన్ పడక పేగులు వాచే జబ్బు. మామూలు ఎలర్జీలా నిమిషాల్లో దద్దుర్లు రావు, చర్మం మీద చేసే పరీక్షలో ఏమీ కనపడదు. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య వాంతులు మొదలవుతాయి. అమెరికాలో పసిపిల్లలకి ఇది తెచ్చే ఘనాహారాల్లో ముందు వరసలో ఉండేవి బియ్యం, ఓట్స్. ఎలర్జీ రాదని ఏళ్ల తరబడి డాక్టర్లే మొదట పెట్టమన్న బియ్యం!

తెలుగు ఇంట్లో పిల్లకి అన్నం పడదంటే ఆ కబురు ఎవరికి ఎలా చెప్పాలో చెల్లికి చాలా రోజులు తెలియలేదు. ఫోన్ చేసిన ప్రతి అత్తయ్యా, ప్రతి పిన్నీ మొదట అడిగేది "పిల్ల అన్నం తింటోందా?" అనే. మనకి అన్నం తినడమంటే భోంచేయడం, బాగుండడం, అన్నీ అదే మాట.

చాలామంది పిల్లల్లో ఇది మూడు నుంచి ఐదేళ్ల లోపు తగ్గిపోతుంది. బుజ్జికి ఇంకా తగ్గలేదు. రెండో ఏట గోధుమ పెట్టి చూస్తే అదీ పడలేదు. దాంతో జొన్న, రాగి, మొక్కజొన్న అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే డాక్టరు కళ్ల ముందు పెట్టి చూద్దామన్నారు. పప్పులు, గుడ్లు, పాలు, దుంపలు, పళ్లు, గింజలు అన్నీ పడతాయి. కాబట్టి మా ఇంట్లో గ్రెయిన్ ఫ్రీ, అంటే ధాన్యం లేని తిండి, అనేది డాక్టరు చీటీ. ఫ్యాషన్ కాదు.

ఈ ముక్క గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే ఆ మాట వినగానే మన వాళ్లలో రెండు రకాల స్పందనలు చూస్తున్నాను, రెండూ నాకు నచ్చడం లేదు.

మొదటిది పొగడ్త. ఒక శనివారం పార్టీకి ఇవే డోనట్లు పట్టుకెళ్లాను. గ్రెయిన్ ఫ్రీ అని చెప్పగానే కళ్లు పెద్దవి చేసుకుని చుట్టూ చేరారు. షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? బరువు తగ్గుతామా? అసలు ధాన్యమే విషమట కదా, ఆదిమానవులు తినేవాళ్లు కాదట కదా? నేను లెక్క చెప్పాను. వంద గ్రాముల మైదాలో సుమారు 360 కేలరీలు. వంద గ్రాముల పొద్దుతిరుగుడు పిండిలో గానీ బాదం పిండిలో గానీ 580కి తక్కువ ఉండదు, అందులో సగం బరువు నూనే. దానికి తోడు నేను పోసిన కొబ్బరినూనె, మేపుల్ సిరప్, మీద చక్కెర పూత. ఇది బరువు తగ్గించే వస్తువైతే మా అమ్మ చేసే సున్నుండలు కూడా డైట్ ఫుడ్డే. కళ్లు మళ్లీ మామూలు సైజుకొచ్చాయి. డోనట్లు మాత్రం మిగల్లేదు.

ధాన్యం విషమన్నమాట వింటే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. నిన్నటిదాకా "అన్నం పరబ్రహ్మ స్వరూపం" అని మెతుకు కింద పడితే కళ్లకద్దుకున్న ఇళ్లు ఇవి. ఒక పిల్ల ముద్ద అన్నం కోసం నాలుగేళ్లుగా ఎదురు చూస్తుంటే, అరాయించుకోగల వాళ్లు దాన్ని విషం అంటున్నారు. గోధుమ పడని సీలియాక్ రోగులున్నారు, వాళ్లకది నిజంగానే విషంతో సమానం. కానీ వాళ్లు బియ్యం హాయిగా తింటారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లేని గ్లూటెన్ ఫ్రీ వేరు, గ్రెయిన్ ఫ్రీ వేరు. ఈ తేడా తెలియక మేమే ఒకసారి బోల్తా పడబోయాం. బేకరీలో గ్లూటెన్ ఫ్రీ డోనట్ అని చెల్లి కొనబోయింది, డబ్బా తిప్పి చూస్తే మొదటి పదార్థమే బియ్యప్పిండి. అమెరికాలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే పది లక్షల పాళ్లలో ఇరవై పాళ్లు దాటకూడదని 2013 నుంచి లెక్క ఉంది. గ్రెయిన్ ఫ్రీ అనే మాటకి అలాంటి లెక్క లేదు. అట్ట మీద మాట నమ్మకుండా వెనక చిన్న అక్షరాలు చదవడమే దారి.

రెండో స్పందన తేలిగ్గా తీసిపారేయడం. "ఇంత వేషాలెందుకమ్మా, ఒక అరటిపండు చేతిలో పెడితే పోలా?" పెద్దవాళ్లే కాదు, నా ఈడు వాళ్లు కూడా అన్నారు. పైకి చూస్తే సబబుగానే ఉంటుంది. పండు మంచిది, డోనట్ కంటే మంచిది, ఓవెన్ కడగక్కర్లేదు.

కానీ టెక్సాస్‌లో డోనట్ సంగతి వేరు. ఇక్కడ ప్రతి చిన్న సెంటర్‌లో ఒక డోనట్ షాపు ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికే దీపాలు వెలుగుతుంటాయి. వాటిలో చాలావాటిని నడిపేది కంబోడియా నుంచి వచ్చిన కుటుంబాలు. డేకేర్‌లో ఎవరి పుట్టినరోజైనా పొద్దున్నే గులాబీ రంగు పెట్టె దిగుతుంది. పన్నెండు డోనట్లు, పన్నెండు మంది పిల్లలు. అందులో పదకొండు చేతుల్లో రంగు పూసిన డోనట్, ఒక చేతిలో చెల్లి పొద్దున కోసి పెట్టిన యాపిల్ ముక్కలు. టీచరు పాపం మంచి మనిషి, బుజ్జి డబ్బా ముందే తీసి పక్కన పెడుతుంది. అలా పక్కన పెట్టడమే పిల్లకి తెలిసిపోతోంది.

మన దగ్గర పాత మాట ఒకటుంది, పంక్తిలో వలపక్షం చూపకూడదని. ఒకే వరసలో కూర్చున్నవాళ్లలో ఒకరికి నెయ్యి గరిటతో, ఒకరికి చుక్కలతో వడ్డించకూడదని. వడ్డించే మనిషి చెయ్యి ఎటు వాలుతోందో విస్తరి ముందున్న వాళ్లకి తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్లకి ఆరోగ్యం తెలియదు, కేలరీలు తెలియవు. పక్క పిల్లాడి విస్తట్లో ఏముందో బాగా తెలుసు. అరటిపండు ఇవ్వమన్నవాళ్లకి నా జవాబు ఇదే. పండు రోజూ ఇస్తున్నాం. పంక్తి మాత్రం రోజూ దొరకదు.

అందుకని బుజ్జి నాలుగో పుట్టినరోజుకి నేనూ చెల్లీ ఒక నిర్ణయం తీసుకున్నాం. ఆమె ఒక్కదానికి వేరే డోనట్ చేసి పంపడం కాదు, పన్నెండు మందికీ ఆమె తినగలిగినదే చేయాలి. ఆ రోజుకి బుజ్జి పక్కవాళ్లు తినేది కాకుండా, పక్కవాళ్లు బుజ్జి తినేది తినాలి. డేకేర్ వాళ్లు ఇంట్లో చేసినవి ఒప్పుకుంటారు, ఏమేం వేశామో కాగితం మీద రాసివ్వాలి. నట్స్ ఉండకూడదు.

ఇదంతా విని అమ్మ చెప్పిన సలహా: "గారెలు వండి పంపండి."

నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే అమ్మ మాటలో తప్పేమీ కనపడలేదు. గారె అంటే ఏమిటి? మినపప్పు రుబ్బి, చిల్లు పెట్టి, నూనెలో వేసింది. ధాన్యం గింజ లేదు. చిల్లెందుకంటే మధ్యలో పచ్చిగా ఉండిపోకుండా. డోనట్ చిల్లు కథా అదే. 1847లో హాన్సన్ గ్రెగరీ అనే అమెరికా ఓడ మనిషి, మధ్యలో ఉడకని డోనట్లతో విసిగి చిల్లు కనిపెట్టాడని వీళ్లు చెప్పుకుంటారు. మనకి చిల్లు ఎవరు పెట్టారో ఎవరూ రాసుకోలేదు. బుజ్జికి గారెలంటే ప్రాణం కూడా. కానీ చల్లారిన గారె, పదకొండు మంది కొత్త పిల్లలు, మీద రంగు లేదు. "తింటే గారెలే తినాలి" అని అమ్మ మొదలుపెట్టింది, నేను మిగతా సగం పూర్తి చేసి ఓవెన్ వేశాను.

ఇక వంట సంగతి. ఇక్కడ నాకొక అభిప్రాయం ఉంది, వంట బాగా వచ్చినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ధాన్యం లేని పిండితో చేసేవి పాడయ్యేది పిండి వల్ల కాదు, దాన్ని మైదా అనుకోవడం వల్ల. మైదాలో గ్లూటెన్ ఉంటుంది, సాగుతుంది, గాలి పట్టి ఉంచుతుంది. గింజల పిండికి ఆ గుణం లేదు, ఉన్నదల్లా నూనె, ప్రొటీన్. మైదా కొలతే తీసుకుని ఇది పోస్తే తడి ఇటుక వస్తుంది. నాకు రెండుసార్లు వచ్చింది. ఇడ్లీని ఎవరైనా పొంగని రొట్టె అనుకుంటారా? ఇదీ అలాగే దాని లెక్కలో అది వండాలి.

మూడోసారికి కుదిరిన లెక్క, పన్నెండు డోనట్లకి: పొట్టు తీసిన పచ్చి పొద్దుతిరుగుడు గింజలు మిక్సీలో ఆగి ఆగి తిప్పి జల్లించిన పిండి రెండు కప్పులు. ఆపకుండా తిప్పితే నూనె విడిచి వెన్నలా ముద్దవుతుంది, జాగ్రత్త. ట్యాపియోకా స్టార్చ్ అర కప్పు, కోకో పొడి అర కప్పు, వంటసోడా ముప్పావు టీస్పూను, ఉప్పు అర టీస్పూను. ఇవి ఒక గిన్నెలో. ఇంకో గిన్నెలో నాలుగు గుడ్లు, మేపుల్ సిరప్ మూడింట రెండొంతుల కప్పు, కరిగించిన కొబ్బరినూనె మూడో వంతు కప్పు, వెనిలా, ఒక పెద్ద చెంచా యాపిల్ సైడర్ వెనిగర్. రెండూ కలిపి పది నిమిషాలు వదిలేస్తే గరిటజారుగా, అట్ల పిండి కంటే కాస్త చిక్కగా వస్తుంది. జిప్ కవర్లో పోసి మూల కత్తిరించి, జంతికలు వత్తినట్టు డోనట్ అచ్చుల్లోకి ముప్పావు వంతు వత్తాలి. 350 ఫారెన్‌హీట్, అంటే 175 సెల్సియస్, పద్నాలుగు నిమిషాలు. తీసిన వెంటనే అచ్చులోంచి లాగితే విరిగిపోతాయి. పది నిమిషాలు ఆగాలి. నూనెలో వేయించిన డోనట్‌లా ఉండవు, ఆ భ్రమ వద్దు. చిల్లున్న మెత్తటి చాక్లెట్ కేకు అనుకోండి.

గుడ్లు నాలుగూ తగ్గించకండి, గ్లూటెన్ చేయాల్సిన పని అవే చేస్తున్నాయి. వెనిగర్ సోడాని విరిచి పొంగిస్తుంది, పచ్చదనాన్నీ చాలావరకు అడ్డుకుంటుంది. కోకో పొడి కూడా చూసి కొనాలి. డచ్ ప్రాసెస్డ్ అని రాసి ఉంటే దాన్ని క్షారంతో శుద్ధి చేశారని అర్థం. 1828లో కోకో గింజల్లోంచి కొవ్వు పిండే యంత్రానికి పేటెంటు తీసుకున్న హాలండ్ వాన్ హౌటెన్ కుటుంబం చలవ అది. రంగు ముదురుగా, రుచి నెమ్మదిగా ఉంటుంది. నాకు కావాల్సింది మాత్రం మామూలు పులుపు కోకో, ఎందుకంటే నా గొడవంతా క్షారంతోనే.

ట్యాపియోకా స్టార్చ్ చూసి అమ్మ అడిగింది ఇదేమిటని. సగ్గుబియ్యం పిండి అన్నాను. "బియ్యం వద్దంటూనే బియ్యమా?" అని కంగారు పడింది. సగ్గుబియ్యంలో బియ్యం లేదు, కర్రపెండలం దుంప పిండి అది. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో చేసేది ఆ దుంపతోనే. ఏకాదశి ఉపవాసాల్లో అందుకే చెల్లుతుంది. డెబ్బై ఏళ్లుగా సగ్గుబియ్యం పాయసం వండుతున్న మనిషి ఆ రోజు చాలాసేపు ఆ పాకెట్ చేతిలో పట్టుకుని కూర్చుంది. మర్నాడు మనవరాలికి సగ్గుబియ్యం పాయసం వండింది. మాకెవరికీ నాలుగేళ్లుగా తట్టలేదు!

ఇక మీద పూసే పూత. మేం దాదాపు బోర్లా పడింది ఇక్కడే. అమెరికాలో దొరికే మామూలు పౌడర్డ్ షుగర్‌లో గడ్డ కట్టకుండా మొక్కజొన్న పిండి కలుపుతారు. మొక్కజొన్న ధాన్యమే. బేకింగ్ పౌడర్‌లోనూ చాలావాటిలో అదే ఉంటుంది. సోడా వేసి పౌడర్ వేయకపోవడానికి కారణం అది. చక్కెర మిక్సీలో పట్టి, కప్పుకి ఒక పెద్ద చెంచా ట్యాపియోకా కలుపుకున్నాను. రంగు చిలకరింపులు కొనలేదు. వాటిలో మొక్కజొన్న పిండి ఉంటుంది, కొన్నిటిలో ఎరుపు కోసం కార్మైన్, అంటే కాక్టస్ మీద బతికే పురుగుని ఎండబెట్టి తీసిన రంగు.

ఇక్కడ మళ్లీ నా పోట్లాట. కార్మైన్ ప్రకృతి సిద్ధమైన రంగే. కొందరికి దానివల్ల తీవ్రమైన ఎలర్జీ వస్తుంది కాబట్టి 2011 నుంచి అమెరికాలో పేరు పెట్టి రాయాలని రూలు. పసుపు సహజమే, కానీ రంగు మెరవాలని అందులో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే వ్యాపారులని బంగ్లాదేశ్‌లో పట్టుకున్నారు. 2023లో అమెరికాలోనే పిల్లల యాపిల్ గుజ్జులో వేసిన దాల్చినచెక్క పొడి వల్ల చాలామంది పిల్లల రక్తంలో సీసం తేలింది. కాబట్టి నాచురల్ అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. అటువైపు, సింథటిక్ అన్నదంతా ఒకటే కాదు. 2024లో తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది రోడమైన్ బి ఉందని. అది బట్టలకి వేసే రంగు, తినేదాంట్లో అనుమతి లేదు. దాన్నీ, పరిమితులతో ఒప్పుకున్న రంగుల్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఒప్పుకున్నవాటిలోనూ మార్పులొస్తాయి. రెడ్ నంబర్ త్రీని అమెరికా 1990లోనే సౌందర్య సాధనాల్లో ఆపింది, తిండిలోంచి తీసేయమని చెప్పడానికి 2025 జనవరి దాకా పట్టింది. పెదాలకి పూసుకోకూడనిది ముప్పై అయిదేళ్లు నాలుక మీద నడిచింది.

మరి నేను సహజ రంగులే ఎందుకు వాడానంటే, ఈ పిల్ల విషయంలో తినేదాంట్లో ప్రతి పదార్థం పేరు నాకు తెలియాలి, తేడా చేస్తే ఏది చేసిందో చెప్పగలగాలి. అంతకు మించి గొప్ప కారణం లేదు. ఇంకో చిన్న కారణం ఉంది. రంగులు తయారు చేయడం భలే సరదాగా ఉంది.

గులాబీ రంగుకి మొదట బీట్‌రూట్ పొడి వాడాను. రంగు పెళ్లి చీరలా వచ్చింది, రుచి తొలకరి వానకి తడిసిన నేలలా. ఊరికే అనడం లేదు, వాన మట్టికి ఆ వాసన ఇచ్చే జియోస్మిన్ అనే పదార్థమే బీట్‌రూట్‌లోనూ ఉంటుంది. కవిత్వానికి బాగుంటుంది గానీ డోనట్‌కి బాగోదు. చివరికి ఫ్రీజ్ డ్రైడ్, అంటే గడ్డకట్టించి తడి తీసేసిన, రాస్ప్‌బెర్రీలు పొడి కొట్టి, గింజలు జల్లించి వెన్న, చక్కెరలో కలిపాను. పుల్లపుల్లగా చాక్లెట్‌కి సరిగ్గా కుదిరింది.

పసుపు రంగుకి పసుపే. వేలి కొసన పట్టినంత చాలు, ఎక్కువైతే పులిహోర గుర్తొస్తుంది. అయితే దీన్ని సోడా వేసిన పిండిలో కలపకూడదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్లలో తెలియని వాళ్లుండరు. సోడా కూడా క్షారమే, కేకులో ఎర్రటి మచ్చలు పడతాయి.

నీలమే ఏడిపించింది. బుజ్జికి కావాల్సింది అదే. తినే వస్తువుల్లో అసలు నీలం చాలా అరుదు. నేరేడు, బ్లూబెర్రీ పేరుకే, పిండితే వంగపండు రంగు. మొదట ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లలో చిటికెడు సోడా వేస్తే నిజంగానే నీలం వచ్చింది, కొంచెం క్యాబేజీ కంపుతో సహా. తర్వాత థాయ్ కొట్లో ఎండు పూలు దొరికాయి. కవరు విప్పి చూసి అమ్మ, "ఇవి మన గోడ మీది శంఖుపుష్పాలే!" అంది. తెనాలిలో మా ప్రహరీ మీద పాకేది ఆ తీగ. రోజూ శివుడికి కోసేవాళ్లం, తినొచ్చని మాత్రం ఎవరూ అనుకోలేదు. థాయిలాండ్‌లో దాన్ని షర్బత్ చేసుకుంటారు, మలేసియాలో అన్నానికే నీలం రంగు వేసుకుంటారు. ఆ పూల సారాన్ని అమెరికాలో తిండినీ మందులనీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఆహార రంగుగా 2021లో ఒప్పుకుంది. బుజ్జి డాక్టరుని అడిగి, ముందు ఇంట్లో కొంచెం పెట్టి చూసి, అప్పుడు వాడాం.

గుప్పెడు పూలు పావు కప్పు వేడి నీళ్లలో నానేస్తే సిరా లాంటి డికాక్షన్ వచ్చింది. వెన్నలో కలిపితే వెన్న పసుపు, ఇది నీలం, కలిసి మళ్లీ ఆకుపచ్చ! ఈ ఆకుపచ్చ నన్ను వదిలేలా లేదు. వెన్న మానేసి ఉత్త చక్కెర పొడిలో చెంచా చెంచా పోసి జారుగా కలిపితే ఆకాశం రంగు నిలబడింది. రుచికి నిమ్మరసం పిండబోయాను, మొదటి చుక్కకే అక్కడ ఊదా మచ్చ పడింది. పులుపు తగిలితే ఆ పూల రంగు అలా తిరుగుతుంది. బుజ్జి స్టూలెక్కి చూస్తోంది. "మళ్లీ చెయ్యి" అంది. చేశాను. నాలుగు డోనట్లు నీలం, నాలుగు ఊదా, నాలుగు గులాబీ అయ్యాయి. పసుపు పూత అమ్మ మారీ బిస్కెట్ల మీద రాసుకుని తినేసింది.

శుక్రవారం పొద్దున పెట్టె పట్టుకుని నేనే వెళ్లాను. పదార్థాల కాగితం ఇచ్చాను, టీచరు చదివి శంఖుపుష్పం దగ్గర ఆగి నా మొహం చూసింది. ఫోన్‌లో పువ్వు ఫొటో చూపించాను. బుజ్జి డబ్బా ఆ రోజు పక్కన పెట్టలేదు, అసలు డబ్బానే పంపలేదు.

సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే టీచరు చెప్పింది: ముగ్గురు పిల్లలు పూత మాత్రం నాకి కేకు వదిలేశారు, ఒకబ్బాయి ముట్టుకోలేదు, మిగతావాళ్లు తిన్నారు. మామూలు డోనట్లకీ దాదాపు ఇంతేనట. కారు సీట్లో బెల్టు పెడుతుంటే బుజ్జి మొహం మాడ్చుకుని ఉంది. పెదవుల చుట్టూ ఇంకా నీలం. ఏమైందే అన్నాను.

"పెద్దమ్మా, నా పక్కవాడు తనది తినేసి, నా దాంట్లో సగం లాక్కున్నాడు."

ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. చెల్లికి ఫోన్ చేసి చెప్తే, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా, "నిజంగా లాక్కున్నాడా?" అని రెండుసార్లు అడిగింది.